1942: ఆకాశం నుంచి ఇంకో దొర

రెండో ప్రపంచయుద్ధం జోరుగా సాగుతుండగా గ్రహాంతరవాసులు భూమి మీదికి దండెత్తి వస్తే? అమెరికా రచయిత హారీ టర్టిల్‌డవ్ ఈ ఊహతో నాలుగు పెద్ద నవలలు రాశారు. ఆ కథ జరిగేది 1942లో. విశాఖ మీద బాంబులు పడ్డదీ, మద్రాసు ఖాళీ అయిందీ, క్విట్ ఇండియా నినాదం పుట్టిందీ ఆ ఏడాదే. లండన్, మాస్కో, షికాగోల నుంచి చెప్పిన ఈ కథను పుత్తూరు నుంచి చెబితే ఎలా ఉంటుంది? ఈ వారం ముఖచిత్ర కథనం.

సముద్రం వైపు చూసిన కళ్లు

నగరి ముక్కు కొండను మన పక్క వాళ్లకు పరిచయం చేయనక్కర్లేదు. సుమారు 850 మీటర్ల ఎత్తున్న ఆ కొండకొన, ఆకాశం తేటగా ఉన్న రోజున, బంగాళాఖాతంలో వచ్చే ఓడలకు కూడా కనబడేది. మద్రాసు దగ్గరపడిందని నావికులు దాన్ని చూసి గుర్తుపట్టేవాళ్లు. అంటే ఈ తీరానికి దండెత్తి వచ్చేవాడికి ముందుగా కంటబడే నేల గుర్తుల్లో మన కొండ ఒకటి. 1942 వేసవిలో అలా ఒకడు వస్తున్నాడనే లోకమంతా నమ్మింది.

రెండు నెలల్లో తూర్పు దిక్కు తలకిందులైంది. ఫిబ్రవరి 15న సింగపూరు జపాన్ చేతికి చిక్కింది. మార్చి 8న రంగూన్ పడిపోయింది. మార్చి 23న అండమాన్ దీవుల్లో జపాన్ సైన్యం దిగింది. రంగూన్ అంటే తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. అక్కడి రేవుల్లో, మిల్లుల్లో వేలమంది తెలుగు కూలీలు పనిచేసేవాళ్లు. ఓడలో చోటు దొరకనివాళ్లు పిల్లాపాపలతో అరకాన్ దారినా, అస్సాం కొండల దారినా నడిచి వచ్చారు. ఆకలికీ కలరాకూ దారిలోనే రాలిపోయినవాళ్లు వేలమంది.

ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు జపాన్ విమానాలు కొలంబో మీద పడ్డాయి. మర్నాడు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు కురిశాయి. 9న ట్రింకోమలీ వంతయింది. ఇక మద్రాసే అనుకున్నారు అందరూ. అత్యవసరమైన పని లేనివాళ్లు నగరం వదిలి వెళ్లడం మంచిదని ప్రభుత్వమే చెప్పింది. సచివాలయంలో చాలా భాగం ఊటీకి, హైకోర్టు కోయంబత్తూరుకు తరలిపోయాయి. బాంబులకు బోనులు పగిలితే క్రూరమృగాలు వీధుల్లో పడతాయన్న భయంతో జంతు ప్రదర్శనశాలలోని సింహాలనూ పులులనూ కాల్చి చంపేశారు. చేతనైనవాళ్లు రైలెక్కారు, కానివాళ్లు ఎద్దులబండి కట్టుకున్నారు. మద్రాసు నుంచి అరక్కోణం మీదుగా రేణిగుంటకు పోయే లైను అప్పట్లో ఎం.ఎస్.ఎం. రైల్వేది. నగరానికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, సముద్రపు గాలి సోకని పుత్తూరు ఆ దారిలోదే.

జపాన్ నౌకాదళం మద్రాసుకు రానేలేదు. 1943 అక్టోబరులో ఒకే ఒక్క విమానం రాత్రిపూట వచ్చి బాంబులు వేసి పోయింది. రాని దండయాత్ర కూడా లక్షల బతుకులను కదిలించగలదని ఆ వేసవి చూపించింది. జరుగుతుందని అందరూ నమ్మి, జరగకుండా పోయిన సంగతుల్లోంచే ప్రత్యామ్నాయ చరిత్ర కథలు పుడతాయి.

లేని శత్రువు మీద 1,400 గుళ్లు

మనకంటే కొద్ది వారాల ముందు ఇదే భయం పసిఫిక్ అవతలి ఒడ్డునా పట్టుకుంది. 1942 ఫిబ్రవరి 23న కాలిఫోర్నియా తీరంలోని ఎల్‌వుడ్ చమురు క్షేత్రం మీద జపాన్ జలాంతర్గామి ఒకటి గుళ్లు పేల్చింది. మర్నాటి రాత్రి తెల్లవారకముందే లాస్ ఏంజెలెస్ నగరం మీద ఏదో ఎగురుతోందని సైరన్లు మోగాయి. సెర్చిలైట్లు ఆకాశాన్ని గాలించాయి. విమాన విధ్వంసక తుపాకులు 1,400కు పైగా గుళ్లు కాల్చాయి. తెల్లారి చూస్తే కూలిన విమానం ఒక్కటీ లేదు, పడ్డ బాంబు ఒక్కటీ లేదు. ‘లాస్ ఏంజెలెస్ యుద్ధం’ అని పేరుపడ్డ ఆ రాత్రిని గ్రహాంతరవాసుల రాక కింద జమకట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. యుద్ధం చివర్లో, 1944లో, జర్మనీ మీద రాత్రిపూట ఎగిరిన అమెరికా పైలట్లు తమ విమానాల వెంట వెలుగు గోళాలు వస్తున్నాయని చెప్పారు. వాటికి ‘ఫూ ఫైటర్లు’ అని పేరు పెట్టుకున్నారు.

కంటికి ఆనని శత్రువును మనసు తనకు తెలిసిన భయాలతోనే బొమ్మ కట్టుకుంటుంది. 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ రేడియోలో ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నాటకం వేసినప్పుడు, అంగారకులు న్యూజెర్సీలో దిగారన్న వార్తను నిజమనుకుని కొందరు హడలిపోయారు. ఐరోపాలో యుద్ధ మేఘాలు కమ్ముతున్న రోజులవి. జనం చెవులు అప్పటికే దుర్వార్త కోసం కాచుకుని ఉన్నాయి.

వాల్వు రేడియోలూ, అల్లం ముక్కా

టర్టిల్‌డవ్ 1949లో లాస్ ఏంజెలెస్‌లోనే పుట్టారు. బైజాంటియం చరిత్రలో డాక్టరేట్ చేసిన మనిషి. అందుకే ఆయన ఊహకు చరిత్రకారుడి క్రమశిక్షణ ఉంటుంది. ఒక్కటంటే ఒక్క సంగతి మారుస్తారు, మిగతాదంతా దాని వెంట తర్కంగా నడవాల్సిందే. 1994లో ‘ఇన్ ద బ్యాలెన్స్’తో మొదలై 1996లో ‘స్ట్రైకింగ్ ద బ్యాలెన్స్’తో ముగిసిన ‘వరల్డ్‌వార్’ నవలల్లో ఆ మారిన సంగతి, 1942లో గ్రహాంతర దండు రావడం.

వచ్చినవాళ్లు బల్లుల్లాంటి జీవులు. తమను తాము ‘రేస్’ అని పిలుచుకుంటారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట వాళ్లు పంపిన యంత్రం ఒకటి భూమిని ఫొటోలు తీసుకుని పోయింది. అందులో వాళ్లకు కనబడింది గుర్రమెక్కి, ఇనుప కవచం తొడుక్కుని, కత్తి పట్టిన యోధుడు. మన తొండమండలాన్ని చోళులు ఏలుతున్న కాలం అది. రేస్ సమాజంలో ఏ చిన్న మార్పు రావాలన్నా శతాబ్దాలు పడుతుంది. ఎనిమిది వందల ఏళ్లలో భూమి మాత్రం ఎంత మారుతుందిలే అనుకుని, కత్తులవాళ్లను జయించడానికి సరిపడా సరంజామాతో బయల్దేరారు. తీరా వచ్చి చూస్తే యుద్ధ ట్యాంకులు, విమానాలు, రాడార్లు ఎదురయ్యాయి.

ఆ రచయిత నైపుణ్యం చిన్న వివరాల్లో ఉంది. భూమి మీద సమాచార వ్యవస్థలన్నీ ఒక్క దెబ్బతో మాడిపోవాలని రేస్ సేన ఆకాశంలో చాలా ఎత్తున అణుబాంబులు పేల్చుతుంది. ఆ పేలుడు నుంచి వచ్చే విద్యుదయస్కాంత తాకిడికి సున్నితమైన చిప్పులు కాలిపోతాయి. 1942 నాటి రేడియోల్లో చిప్పులెక్కడివి? గాజు బుడ్డీల్లాంటి వాల్వులు ఆ తాకిడిని తట్టుకుని నిలిచాయి. వెనకబడిన సాంకేతికతే మనుషుల్ని కాపాడింది. రెండోది సరఫరా. గుండు పేలిస్తే పేలినట్టే, క్షిపణి పోతే పోయినట్టే, మళ్లీ తెప్పించుకోవాలంటే ఇంటికి దారి దశాబ్దాల దూరం. మనుషుల కార్ఖానాలు మాత్రం రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటాయి.

మూడోది మన వంటింట్లో ఉంది. అల్లం! రేస్ జాతికి అల్లం మత్తుమందు. ఒకసారి నాలుక మీద పడిందా, సిపాయి క్రమశిక్షణ గాలికి పోతుంది. అల్లం కోసం ఆయుధాలు అమ్ముకుంటారు, హద్దులు మీరుతారు. యుద్ధ ట్యాంకులకు లొంగని సేన అల్లం ముక్కకు లోలోపల కుళ్లిపోతుంది. అల్లం పండే నేలను చేతిలో పెట్టుకున్నవాళ్లకు తెలియకుండానే ఎంత బలమో చూడండి.

ఇంతా చేసి ఆ నవలల్లో మన దేశం ఎక్కడుంది? కథ అమెరికా, రష్యా, జర్మనీ, పోలండ్, బ్రిటన్, చైనాల్లో తిరుగుతుంది. చివరికి 1944లో సంధి కుదురుతుంది. అణుబాంబు చేయగలిగిన దేశాలకు స్వాతంత్ర్యం దక్కుతుంది. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, చైనాలతో పాటు భారతదేశం బల్లుల వాటాకు పోతుంది. ఇంగ్లిషు దొర పోయి బల్లి దొర వచ్చాడు. మనల్ని మాత్రం ఎవరూ అడగలేదు.

వెల్స్ ఎవరికోసం రాశాడు

ఇది టర్టిల్‌డవ్ ఒక్కరి లోటు కాదు. గ్రహాంతర దండయాత్ర కథలకు మూలమైన హెచ్.జి. వెల్స్ నవల ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ 1898లో పుస్తకంగా వచ్చింది. ఐరోపా నుంచి వలస వచ్చినవాళ్లు టాస్మేనియా ఆదివాసులను ఎలా తుడిచిపెట్టారో వెల్స్ మొదటి అధ్యాయంలోనే గుర్తుచేస్తాడు. మనం వాళ్లకు చేసింది అంగారకులు మనకు చేస్తే ఎలా ఉంటుందని లండన్ పాఠకుణ్ని అడుగుతాడు. గొప్ప ప్రశ్న. ఆ ప్రశ్నతో సామ్రాజ్యపు పౌరుడు ఓడినవాడి చోట నిలబడి చూడాల్సి వస్తుంది.

పుత్తూరు మనిషి ఆ చోట నిలబడే పుట్టాడు. 1639 ఆగస్టు 22న దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి మద్రాసు తీరంలో కాస్త నేల కౌలుకిచ్చాడు. అప్పటికి చంద్రగిరి, వేలూరు కోటల నుంచి ఆరవీటి రాజులు ఏలుతున్నారు. ఎన్నడూ చూడని ఓడల్లో, తెలియని ఆయుధాలతో, అర్థంకాని భాషతో వచ్చినవాళ్లకు వ్యాపారానికి చోటివ్వడం ఆనాడు తప్పుగా తోచలేదు. ఆ కౌలు ఇవ్వకపోతే? మన ప్రాంతపు ప్రత్యామ్నాయ చరిత్రకు అంతకంటే మంచి మలుపు లేదు. ఇంకొక మలుపూ ఉంది. 1780 సెప్టెంబరు 10న పొల్లిలూరులో మైసూరు సేన ఇంగ్లిషు సైన్యాన్ని చిత్తుగా ఓడించింది. మైసూరు పాలకుడు హైదరలీ రాకెట్లు చూసి తెల్లవాళ్లు బిత్తరపోయారు. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలో హైదరలీ చనిపోయాడు. ఆయన మరో పదేళ్లు బతికి ఉంటే?

వెల్స్ అడిగిన ప్రశ్న ఏలేవాడి ప్రశ్న. ఏలుబడిలో ఉన్నవాడికి వేరే ప్రశ్న ఉంటుంది. పాత దొర నెత్తిన ఉండగానే కొత్త దొర వస్తుంటే, నేను ఎవరి పక్కన నిలబడాలి?

నాలుగు దారులు

1942లో ఆ ప్రశ్న కల్పన కాదు. భారత నాయకులతో మాట్లాడడానికి బ్రిటన్ పంపిన క్రిప్స్ రాయబారం విఫలమైందీ, మద్రాసు ఖాళీ అవుతున్నదీ అదే ఏప్రిల్ రెండో వారంలో. ఆ ఏడాది దేశం నాలుగు రకాలుగా ఆలోచించింది. జపాన్‌ను ఎదిరించాలంటే ముస్లింలీగుతో రాజీపడైనా జాతీయ ప్రభుత్వం ఏర్పరచాలన్నారు రాజాజీ. ఏప్రిల్ 23న మద్రాసు కాంగ్రెస్ శాసనసభ్యుల చేత ఆ మేరకు తీర్మానం చేయించి, చివరికి కాంగ్రెస్‌కే దూరమయ్యారు. ముందు ఇంగ్లిషువాళ్లు వెళ్లిపోవాలి, తరవాతే ఏదైనా అన్నారు గాంధీజీ. ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం వచ్చింది. ఇది ప్రజాయుద్ధం, ఫాసిజాన్ని ఓడించడమే ముందు పని అన్నారు కమ్యూనిస్టులు. శత్రువుకు శత్రువు మనకు మిత్రుడు అన్నారు బెర్లిన్ రేడియో నుంచి సుభాష్ చంద్రబోస్.

ఈ నాలుగూ మన పల్లెల దాకా వచ్చాయి. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ క్విట్ ఇండియాలో జైలుకు వెళ్లారు. తరవాతి కాలంలో లోక్‌సభ స్పీకరయింది ఆయనే. కళా వెంకటరావు పేరుతో ముడిపడిన ఆంధ్ర కాంగ్రెస్ ‘కర్నూలు సర్క్యులర్’ ఆ ఏడాది జులైలోనే సిద్ధమైంది. చైన్లు లాగి రైళ్లు ఆపడం, తంతి తీగలు తెంపడం అందులోని కార్యక్రమం.

ఆ తంతి తీగ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఆగస్టు నెల, రైలు కట్ట పక్కన స్తంభాల మీదుగా పోతున్న రాగి తీగ. ఏలేవాడి హుకుం పోయేది దాని మీదే. మద్రాసు మీద ఆకాశం నుంచి ఏదో దిగిందన్న కబురు ఊరికి చేరేదీ దాని మీదే. కత్తెర చేతబట్టుకుని స్తంభమెక్కిన కుర్రాడికి రెండూ తెలుసు. తెంపాలా, వద్దా? ప్రపంచయుద్ధంలో గ్రహాంతర దండయాత్ర అన్న కథ మన భాషలో రావాలంటే ఆ స్తంభం మీది నుంచి రావాలి.

టర్టిల్‌డవ్ మన దేశం గురించి ఒక కథ రాశారు. 1988లో వచ్చిన ‘ది లాస్ట్ ఆర్టికల్’ కథలో నాజీలు ఇంగ్లిషువాళ్లను ఓడించి భారతదేశాన్ని పట్టుకుంటారు. గాంధీజీ సత్యాగ్రహం మొదలుపెడతారు. ఎదురున్నది ఫీల్డ్ మార్షల్ మోడెల్. చంపడానికి వెనకాడని, చంపినందుకు సిగ్గుపడని శత్రువు ముందు అహింస నిలుస్తుందా అన్నది కథలోని ప్రశ్న. చదివినవాణ్ని నిద్రపోనివ్వని కథ. అందులోనూ మాట్లాడేది పెద్ద నాయకులే. శిస్తు కట్టేవాడు, నేత నేసేవాడు, రైలు పట్టాలు బిగించేవాడు జనసమూహంలో కలిసిపోతారు.

పుత్తూరు నుంచి మొదలుపెడితే

మొదలు ఇలా ఉండొచ్చు. రైలు కట్ట మీద పనిచేసే మనవడు పరుగెత్తుకుంటూ ఇంటికొస్తాడు.

“అవ్వా, మద్రాసులో జనం మూటాముల్లె కట్టుకోని వచ్చేస్తుండారు. ఆకాశంలోంచి ఎవురో దిగినారంట. మనుషులు గాదంట.”

“దిగితే దిగనీ నాయినా. వాళ్లు శిస్తు అడగరంటనా?”

“అది తెలీదవ్వా.”

“అది తెలుసుకోని రా పో. మిగతాది మల్ల చూస్తాం.”

ఆ అవ్వకు లోకజ్ఞానం తక్కువేమీ కాదు. కార్వేటినగరం జమీందారును చూసింది, కలెక్టరును చూసింది, కరువును చూసింది. వచ్చినవాడి చర్మం ఏ రంగన్నది ఆమెకు లెక్కలేదు. వాడు పండిన గింజలో ఎంత అడుగుతాడన్నదే లెక్క. అంగారకుణ్ని చూసి లండన్‌వాడు పడ్డ ఆశ్చర్యం ఆమెకు కలగదు. కథ స్వభావమంతా అక్కడే మారిపోతుంది.

సరంజామా కూడా ఇక్కడే సిద్ధంగా ఉంది. బొగ్గుతో, ఆవిరితో నడిచే రైలింజనుకు ఆ విద్యుదయస్కాంత తాకిడి తగలదు. మోర్స్ మీటలో కాలిపోయే చిప్పేదీ లేదు. నగరి, నారాయణవనం మగ్గాలకు కరెంటు అక్కర్లేదు. దాక్కోవడానికి కైలాసకోన లాంటి కోనలున్నాయి. ఇంట్లో తెలుగు, సంతలో అరవం మాట్లాడే జనం కబురును రెండు భాషల్లో దాచి పంపగలరు. సంతలో అల్లం అమ్మే మనిషి, తన గంపలో ఉన్నది ఏమిటో తెలిసిన నాడు, కలెక్టరు కంటే బలవంతుడవుతాడు.

అన్నిటికంటే పెద్ద సన్నివేశం పుత్తూరు దగ్గరి రాచపాళెంలో ఉంది. పుత్తూరు కట్టు అప్పటికే దక్షిణాదిలో పేరుమోసింది. విరిగిన ఎముకను వేళ్లతో తడిమి, సరిచేసి, ఆకు పసరు, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించి కట్టే విద్య అది. ఒక రాత్రి విమానం కూలి చెయ్యి విరిగిన బల్లి సిపాయిని ఎవరో మోసుకొచ్చి ఆ అరుగు మీద పడుకోబెట్టారు. ఎముకలు మనిషివి కావు. కీళ్లు ఎటు వంగుతాయో తెలియదు. బయట ఊరి కుర్రాళ్లు కట్టెలు పట్టుకుని నిలబడ్డారు. కట్టు కట్టాలా? కడితే ఊరికి ద్రోహమా? కట్టకపోతే విద్యకు ద్రోహమా? నొప్పికి మూలుగుతున్న ఆ ప్రాణం మీద చెయ్యి వేసి, ఎముక ఎక్కడ విరిగిందో వేళ్లతో వెతుకుతున్న మనిషిని రాయగలిగితే, టర్టిల్‌డవ్ నాలుగు నవలల్లో లేని సంగతి మన చేతికొస్తుంది.

రాయవలసినవాళ్లు మనమే

తెలుగులో వైజ్ఞానిక కల్పనకు కరువు లేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’తో కాలయంత్రాన్ని శ్రీకృష్ణదేవరాయల కొలువులో దించారు. యండమూరి ‘చీకట్లో సూర్యుడు’ను ఒక తరం విడవకుండా చదివింది. అనిల్ ఎస్. రాయల్ ‘నాగరికథ’ లాంటి కథలతో కొత్త తరాన్ని ఈ దారికి తెచ్చారు. చరిత్రను ఒక్కచోట మలుపు తిప్పి, అక్కణ్నుంచి పట్టుగా నడిపించే నవలలు మాత్రం మనకు బహు తక్కువ. రాజులను కీర్తించడానికి, గాయాలను తడుముకోవడానికి చరిత్రను వాడుకున్నాం. దాన్ని ప్రశ్నించడానికి కల్పనను ఆయుధంగా వాడుకోవడం ఇంకా అలవాటు కాలేదు.

ఈ నేలకు ఆ శక్తి ఉంది. మధురాంతకం రాజారాం, నామిని లాంటి కథకులు పుట్టిన సీమ ఇది. ఆకాశమూ ఇక్కడ దగ్గరే. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాల రాడార్ పై గాలులను నిత్యం గమనిస్తూ ఉంటుంది. 1971 నుంచి శ్రీహరికోటలో రాకెట్లు లేస్తున్నాయి. ప్రయోగం రోజున మబ్బు లేకపోతే మిద్దెలెక్కి ఆ నిప్పుగీతను చూడటం మన పిల్లలకు అలవాటు. ఆకాశంలోకి మనం పోయే కాలం వచ్చింది. ఆకాశం నుంచి వచ్చేవాడి గురించి మన మాటలో ఆలోచించే హక్కు కూడా వచ్చినట్టే.

ఇది కాలక్షేపం కోసం చెబుతున్న మాట కాదు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతీయ నాయకులను మాటమాత్రం అడగకుండా ఈ దేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. పుత్తూరు రైతు ఆ యుద్ధానికి శిస్తు కట్టాడు, బియ్యం ఇచ్చాడు, కొడుకుల్ని పంపాడు. అతని అభిప్రాయం ఏమిటని అడిగినవాడు లేడు. చాలామందికి ఓటే లేని రోజులవి. యాభై ఏళ్ల తరవాత అమెరికాలో రాసిన కల్పనలోనూ అతణ్ని అడగలేదు. సంధి పత్రంలో అతని దేశాన్ని ఇంకొకరికి రాసిచ్చారు. నిజ చరిత్రా అడగలేదు, ఊహా చరిత్రా అడగలేదు. అడిగే పని తెలుగు రచయితది.

దానికి ముడిసరుకు ఇళ్లలోనే ఉంది. మద్రాసు నుంచి మూటలతో వచ్చిన చుట్టాల కబుర్లు, రంగూన్ నుంచి నడిచొచ్చిన తాత చెప్పిన సంగతులు, తీగలు తెంపి జైలుకు పోయిన పినతండ్రి మాటలు ఏ కుటుంబంలో ఉంటే ఆ కుటుంబం రాసిపెట్టాలి. ఆ ఏడాదిని కళ్లారా చూసినవాళ్లు ఇక కొద్దిమందే మిగిలారు. వాళ్లు చెప్పింది అందితే, రేపు ఒక తెలుగు నవలాకారుడు ఎంత దూరపు నక్షత్రం నుంచి ఎవరిని దించినా, అతని పుత్తూరు నిజమైన పుత్తూరుగా ఉంటుంది. దొర మారితే చాలా, దొరతనమే పోవాలా అన్న ప్రశ్నకు అక్కడి మనిషి తన నోటితో తాను జవాబు చెబుతాడు.